గాలిపటం చేయించే ముందు

పిల్లల్ని కూర్చోబెట్టేలోపే మైదా బంక కాచి చల్లారనివ్వండి. కొబ్బరి ఈనెల కొసలు సూదుల్లా ఉంటాయి, కత్తిరించేయండి. వంచేటప్పుడు ఈనె విరిగి కంటికి తగలొచ్చు, ఆ పని పెద్దవాళ్లదే. మొన మొద్దుగా ఉన్న కత్తెర చాలు.

దారం దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మామూలు నూలుదారమే ఇవ్వండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. బైకు మీద వెళ్లేవాళ్ల గొంతు, పక్షుల రెక్కలు కోసేస్తుంది. మెరుస్తుందని జరీ పోగు, వెండి కాగితం తోక కట్టొద్దు, కరెంటు తీగకు తగిలితే షాక్ కొడుతుంది.

తిరుపతి సందుల్లో మిద్దెల పక్కనే తీగలుంటాయి, కొన్నింటికి పిట్టగోడ మోకాలెత్తే. పిల్లలేమో పైకి చూస్తూ వెనక్కి నడుస్తారు! మైదానానికే తీసుకెళ్లండి. తీగల్లో చిక్కితే కర్రతో లాగనివ్వకండి, ఇంకోటి చేసుకుందామనండి.