ఈస్టర్ తెల్లవారుజామున ‘ఖాళీ సమాధి’ నాటిక వేయడం ఎలా?

మట్టల ఆదివారం నుంచి ఆరోహణం దాకా అన్నీ ఒకే నాటికలో పెట్టాలని చూస్తే రెండు గంటలు పడుతుంది. అప్పటికి పిల్లలు ఏడుపు మొదలెడతారు, పెద్దలు నీడ వెతుక్కుంటారు. ఒక్క సమాధి సన్నివేశం చాలు. పదో శతాబ్దంలో ఐరోపా మఠాల్లో ఈస్టర్ నాటకం మొదలైందే దాంతో. సమాధి దగ్గరికి స్త్రీలు వస్తారు, ఎవరిని వెదుకుతున్నారని దూత అడుగుతాడు, అంతే. సూర్యోదయ ఆరాధనలో, చర్చి ఆవరణలోనో సమాధుల తోట పక్కనున్న ఖాళీ స్థలంలోనో 40 నిమిషాల్లో ఇది ముగించవచ్చు. సమాధుల మధ్య మాత్రం వేదిక కట్టకండి. ఆ ఉదయం కుటుంబాలన్నీ కొవ్వొత్తులతో అక్కడికే వస్తాయి.

ముందు గడియారం

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ గానీ వాయిద్యాలు గానీ వాడకూడదు. 6 తర్వాత వాడే మైకుకు కూడా పోలీస్ స్టేషన్‌లో ముందుగా రాసిచ్చి అనుమతి తీసుకోండి. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు గానీ నాటికకు ఇది మేలే. చీకటి ఉన్నంతసేపు మైకు లేకుండా ఆడండి, వెలుగు వచ్చాక మాట వినిపించండి.

విజయవాడలో సూర్యోదయం మార్చి చివర సుమారు 6:05కి, ఏప్రిల్ మొదటి వారంలో 6:00కి, ఏప్రిల్ మధ్యలో 5:50కి. హైదరాబాద్‌లో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఆలస్యం. 2027లో ఈస్టర్ మార్చి 28న, 2028లో ఏప్రిల్ 16న వస్తుంది కాబట్టి ఏ ఏటికా ఏడు లెక్క వేసుకోవాలి. సూర్యోదయం 6:00 అనుకుంటే వరుస ఇలా ఉంటుంది:

5:40 – కొవ్వొత్తులు, మైకు లేకుండా కీర్తన.
5:48 – కావలివాళ్ళు. మాటలు లేవు.
5:50 – భూకంపం, రాయి దొర్లడం.
5:53 – జనం మధ్యలోంచి స్త్రీలు నడిచి రావడం.
6:00 – దూత మాట. మొదటిసారి మైకు.
6:03 – స్త్రీలు పరుగెత్తడం, శిష్యులు పేతురు, యోహాను రావడం.
6:10 – మగ్దలేనే మరియ యేసును చూసి తోటమాలి అనుకోవడం.
6:18 – సంఘమంతా పాట.

సమాధి ఏ దిక్కున?

సూర్యుడు సమాధి వెనక నుంచి లేవాలని అందరికీ తోస్తుంది. అలా పెడితే ఎండ జనం కళ్ళలో పడుతుంది, నటుల ముఖాలు నల్లగా కనిపిస్తాయి. సమాధిని పడమర వైపు కట్టి, ద్వారం తూర్పుకు పెట్టండి. ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు సరిగ్గా తూర్పునే లేస్తాడు కాబట్టి 6:10కల్లా తొలి కిరణం నేరుగా సమాధి లోపల పడి యేసు దేహానికి చుట్టిన నారబట్టలను చూపిస్తుంది. జనం తలలు అడ్డు రాకుండా వేదిక 3 అడుగుల ఎత్తు ఉండాలి. తూర్పున ఏముందో కూడా చూసుకోండి. 100 అడుగుల దూరంలో 25 అడుగుల మేడ ఉన్నా ఎండ దాదాపు గంట ఆలస్యమవుతుంది. వారం ముందే ఆ వేళకు వెళ్ళి నిలబడి చూడండి.

రాయి

నాటిక బాగా కుదిరేదీ, నవ్వులపాలయ్యేదీ ఇక్కడే. థర్మాకోల్ రాయి గాలికి ఊగుతుంది, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. ప్లైవుడ్‌తో చేయండి.

1. 12 ఎం.ఎం. ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి కొంటే 4 అడుగుల వ్యాసంతో రెండు చక్రాలు వస్తాయి. మధ్యలో 5 అంగుళాల చెక్క ముక్కలు ఎనిమిది పెట్టి రెండింటినీ స్క్రూలతో బిగించండి. పాతిక, ముప్పై కిలోల బరువుతో రాయి రాయిలాగే కదులుతుంది.

2. అంచు చుట్టూ 13 అడుగుల రేకు పట్టీ కొట్టండి. గోనెగుడ్డను మైదా జిగురుతో ముడతలు పడేలా చక్రం ముఖాలకు మాత్రమే అంటించాలి. అంచుకు అంటిస్తే ఎత్తుపల్లాలు వచ్చి రాయి మధ్యలో ఆగిపోతుంది. జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వకండి.

3. సమాధి ముఖం 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. సరుగుడు బాదులతో చట్రం కట్టి, గోనె కప్పి, బూడిద రంగు వేయండి. ద్వారం మధ్యలో కాక ఒక పక్కకి ఉండాలి, లేదంటే దొర్లిన రాయికి చోటు చాలదు. ద్వారం 3 అడుగుల ఎత్తు, 2½ అడుగుల వెడల్పు, నేలకు అర అడుగు పైన. శిష్యులు వంగి చూడాల్సినంత చిన్నది కావాలి కూడా.

4. రాయి దొర్లే కాలువ పొడవు 8 అడుగులు. వెడల్పు రాయి మందం కంటే అర అంగుళమే ఎక్కువ ఉండాలి. బయటి వైపు 8 అంగుళాల అడ్డపట్టీని గట్టిగా బిగించండి, లేకపోతే రాయి ముందుకు ఒరిగి పడుతుంది. ద్వారం దగ్గరి కొసను 3 అంగుళాలు ఎత్తుగా పెట్టి, రాయి కింద ఆపుగా చెక్క ముక్క పెట్టి, దాని తాడు వెనక్కి తీయండి. తాడు లాగగానే రాయి దానంతటదే దొర్లాలి. అవతలి కొసన ఇసుక బస్తా తప్పనిసరి.

భూకంపానికి మైకు అక్కర్లేదు. 6×3 అడుగుల పల్చటి రేకును వేలాడదీసి కింది అంచు పట్టుకుని ఊపితే ఉరుము వస్తుంది.

ఆ సమయానికి లోపల ఎవరూ ఉండకూడదు. యేసు లేచి బయటికి నడిచి రావడం చూపించాలని కొందరు పట్టుబడతారు. నాలుగు సువార్తల్లో ఏదీ ఆ క్షణాన్ని వర్ణించలేదు, మనకెందుకు ఆ తొందర?

స్క్రిప్టు, పాత్రలు

తొమ్మిది మంది చాలు: ముగ్గురు స్త్రీలు, ఇద్దరు కావలివాళ్ళు, దూత, పేతురు, యోహాను, యేసు. కథకు యోహాను 20వ అధ్యాయం వెన్నెముక. కావలివాళ్ళు, భూకంపం మత్తయి 28 నుంచి, స్త్రీలలో ఒకరైన సలోమే, “రాయి ఎవరు దొర్లిస్తారు?” అన్న దిగులు మార్కు 16 నుంచి. ప్రతి మాట పక్కన వచనం సంఖ్య రాసుకోండి. “వాక్యంలో అలా లేదే” అని సంఘ పెద్దలెవరో అడిగి తీరుతారు.

మామూలు మాటలు వాడుక భాషలోనే రాయండి. “ఆయన ఇక్కడ లేడు” లాంటివి మాత్రం బైబిల్లో ఉన్నట్టే ఉంచండి. అవి సంఘానికి కంఠతా వచ్చు, మారిస్తే చెవికి తగులుతుంది.

పదో తరగతి పరీక్షలు సాధారణంగా ఈ రోజులకే పడతాయి, ఆ పిల్లలకు పెద్ద పాత్రలు వద్దు. గడ్డాలు అంటించకండి, చెమటకు ఊడతాయి. ఈస్టర్‌కు ఆరున్నర వారాల ముందు వచ్చే భస్మ బుధవారం నాడే పాత్రలు ఖరారు చేస్తే మగవాళ్ళు పెంచుకుంటారు. మెరుపు శాటిన్ మానేసి కోరా గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టండి, ఒక్కొక్కరికి 5 మీటర్లు. యేసు పాత్రకూ అదే బట్ట. మెరిసిపోతుంటే మరియ తోటమాలి అనుకోవడం ఎలా నమ్ముతారు?

యేసు జనం వైపు నుంచి వచ్చి, వేదిక కింద వాళ్ళకు వీపు పెట్టి నిలబడాలి. మరియ సమాధి వైపు తిరిగి ఏడుస్తుంటుంది. “మరియా” అనగానే ఆమె ఇటు తిరుగుతుంది, ఎండ ఆమె ముఖం మీద పడుతుంది. నాటికంతా ఆ తిరగడం కోసమే కాబట్టి ఆ పాత్రను గొంతు బాగున్నామెకు కాక ముఖంలో భావం పలికే ఆమెకు ఇవ్వండి.

మైకు, లైటు

అన్ని మాటలూ ముందే రికార్డు చేసి పెదవులు కదిపించడం మన చర్చిల్లో అలవాటు. పేతురు, యోహానుల సంభాషణకు అది సరే. మరియ అనే “రబ్బూనీ!” (బోధకుడా!) మాత్రం ఆ క్షణంలో గొంతులోంచి రావాలి. దూతకు, మరియకు, యేసుకు కాలర్ మైకులు మూడు అద్దెకు తెచ్చి, బ్యాటరీలు ఆ ఉదయమే కొత్తవి వేయండి. గాలి శబ్దం రాకుండా మైకుకు స్పాంజి తొడుగు ఉండాలి.

సమాధి లోపల 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు ఒకటి, వెనక గోడ మీది తెల్లబట్ట వైపు తిప్పి పెట్టండి. రాయి దొర్లే ముందే వెలగాలి. హాలోజన్ వద్దు, గోనె అంటుకుంటుంది. పొగ యంత్రానికి డబ్బు పెట్టకండి, ఆరుబయట గాలి ఎటో తీసుకుపోతుంది. జనరేటర్‌ను 50 అడుగుల దూరంలో పెట్టండి. లైనుకు కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్, వెనక రెండు ఇసుక బకెట్లు ఉండాలి.

రిహార్సల్

హాల్లో ఎన్నిసార్లు చేసినా, శనివారం తెల్లవారుజామున అసలు స్థలంలో అసలు వేళకు ఒక్కసారి చేయాలి. రాయిని కనీసం పదిసార్లు దొర్లించండి. తాడు లాగేవాడు ఒక్కడే ఉండాలి, అతనికి ఇంకే పనీ చెప్పొద్దు. రాయి ఆగిపోతే వెనక నుంచి చేత్తో తోయాల్సింది కూడా అతనే. వాన వస్తే చర్చి లోపలికి మార్చండి, రాయి, తెల్లబట్టలు, ఇద్దరు పాత్రధారులు చాలు.

నాటిక అయ్యాక గోనె విప్పి ఎండబెట్టండి. చక్రాన్ని గోడకు ఆనించకుండా నేలకు ఎత్తుగా రెండు బాదుల మీద పరిచి పెట్టండి. నిలబెడితే ఏడాదికల్లా వంకర తిరుగుతుంది, నేలమీద పెడితే చెదలు పడతాయి.