ఓటమి తనిఖీ: మన జట్టు ఎందుకు దిగజారిందో వాదించే పద్ధతి

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని ఒక్కటే. ఇతరులు రాసిన లెక్కల్లో తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడం. రిటైరయ్యాక హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టుకు అభిమానినయ్యాను. పాత పని మళ్లీ 2023-24 సీజనులో అవసరపడింది. ఆ ఏడు ఇండియన్ సూపర్ లీగ్‌లో మా జట్టు 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. అయిదు డ్రాలు, పదహారు ఓటములు, మొత్తం 8 పాయింట్లు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం నుంచి బయటపడి ఇరానీ హోటల్లో కూర్చుంటే మా ఆరుగురి దగ్గరా ఆరు కారణాలు ఉండేవి. బల్ల మీద చాయ్ చల్లారిపోయేది, వాదన తేలేది కాదు. మీ జట్టు ఏదైనా సరే, ఇలాంటి సాయంత్రాలు మీకూ తప్పవు గనుక నేను నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను.

మ్యాచ్ అయిన రాత్రి వాదించకండి. ఇంటికెళ్లి నోటుపుస్తకంలో రెండు సంగతులు మాత్రం రాసుకోండి. మనకు గోల్ ఎలా పడింది, మనకు దొరికిన మంచి అవకాశాలు ఎన్ని. తీర్పులు వద్దు. ‘డిఫెన్స్ దండగ’ అని రాసుకుంటే పొద్దున్నకే పనికిరాదు. ‘కార్నర్ కొట్టినప్పుడు వెనక స్తంభం దగ్గర మనవాళ్లెవరూ లేరు’ అని రాసుకుంటే నెల తర్వాతా పనికొస్తుంది. వరసగా మూడు మ్యాచ్‌లకు అదే వాక్యం రాయాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు దురదృష్టం అనే మాట కొట్టేయవచ్చు.

తర్వాతి పని ప్రారంభ నిల్వ తీయడం. ఏ లెక్కకైనా అదే మొదలు, కానీ అభిమానులు ఎవరూ చేయని పని కూడా అదే. జట్టు బాగా ఆడిన రోజున మైదానంలో ఎవరున్నారో ఒక వైపు, ఇప్పుడు ఎవరున్నారో ఇంకో వైపు రాయండి. మా మంచి రోజు 2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. నిర్ణీత సమయం ముగియడానికి రెండు నిమిషాల ముందు సాహిల్ తవోరా గోల్ కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు, 3-1తో కప్పు మనదైంది. (కోవిడ్ వల్ల ఆ సీజను మొత్తం గోవాలోనే జరిగింది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ ఆడకుండా విజేతలమయ్యాం. ఇది తలచుకున్నప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలియదు.)

ఇప్పుడు రెండో వైపు. ఆ సీజనులో 18 గోల్స్ కొట్టిన ఓగ్‌బెచే 2023-24 సీజనుకు లేడు. ఎడమ వైపు కాచిన ఆకాశ్ మిశ్రా ముంబయికి, కుడి వైపు కాచిన ఆశిష్ రాయ్ అంతకుముందే కోల్‌కతాకు వెళ్లిపోయారు. 2024 జనవరిలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు మారారు. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. మిగతా జట్లు మైదానంలో నలుగురేసి విదేశీయులను దింపే లీగ్ ఇది. పాత బకాయిల వివాదాల మీద ఫిఫా నిషేధం ఉండటంతో కొత్తవారిని నమోదు చేసుకునే దారి కూడా మూసుకుపోయింది. నిల్వ లేని ఖాతాలోంచి చెక్కు రాసి, చెల్లలేదని గుమస్తాను తిడితే ఎలా ఉంటుంది? ఆ ఏడు మా వాదనల్లో ఎక్కువ భాగం అలాగే సాగింది.

ఇక కోచ్. ప్రతి బల్ల దగ్గరా మొదట తెగేది కోచ్ తలే. ఆ మాట అనేముందు ఒక పరీక్ష పెట్టండి: అదే మనిషి వేరే జట్టుతో ఏం చేశాడు? మాకు కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్ ఆ తర్వాత గోవా జట్టుతోనూ పట్టికలో పైనే ఉన్నాడు. అదే మార్కెజ్ భారత జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి 2025లో తప్పుకున్నాడు. గోవాలో ఉన్న తెలివి ఢిల్లీ విమానాశ్రయంలో దిగగానే ఆవిరైందా? ఇంకో వైపు, మా చెడ్డ సీజనులో జట్టును నడిపిన తంగ్బోయ్ సింగ్టో, కప్పు గెలిచిన ఏడు మార్కెజ్ పక్కన సహాయకుడిగా కూర్చున్నవాడే. కోచ్‌లో తప్పులు ఉండవని నా వాదన కాదు. ఆటగాళ్ల మార్పిడులు ఆలస్యంగా చేస్తే తిట్టండి, ఆధిక్యంలో ఉండగా వెనక్కి తగ్గి ఆడిస్తే తిట్టండి. కానీ ఆ ఖాతాలో ఎంత పడాలో అంతే రాయండి.

గోల్స్ లెక్క తీయడానికి పావుగంట చాలు. కప్పు గెలిచిన సీజను లీగ్ దశలో 20 మ్యాచ్‌లకు మనం కొట్టినవి 43. అడుగున పడ్డ సీజనులో 22 మ్యాచ్‌లకు కొట్టినవి 10, మనకు పడ్డవి 43. అదే అంకె జమ నుంచి ఖర్చుకు మారింది. ఇది చూశాక గోల్‌కీపర్‌ను తిట్టడం నేను మానేశాను. రెండు మ్యాచ్‌లకు ఒక గోల్ కూడా కొట్టలేని జట్టులో కీపర్ మీద పడటం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

ఏది నిజంగా చెడ్డ దశ, ఏది కాదు అనేది కూడా తేల్చుకోవాలి. 2020-21లో మేము 20 మ్యాచ్‌లలో మూడే ఓడిపోయాం, అయినా అయిదో స్థానంలో ఆగి సెమీస్‌కు వెళ్లలేదు. ఎందుకంటే పదకొండు డ్రాలు. 2022-23 సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ 0-0, చివరికి పెనాల్టీలలో పోయింది. మా బావమరిది ఆ రాత్రి ‘జట్టు కుప్పకూలింది’ అన్నాడు. కుప్పకూలడం అంటే ఏమిటో మరుసటి ఏడాది చూశాడు. పది మ్యాచ్‌ల లోపు ఎవరేమన్నా నేను పట్టించుకోను. ఇది నా అంకె, మీది వేరే పెట్టుకోండి.

రిఫరీ గురించి ఒక్క మాట. ఆడలేక మద్దెల ఓడు. సీజనుకు రెండుసార్లకు మించి రిఫరీ పేరెత్తినవాడు ఆ రోజు అందరి చాయ్ డబ్బులూ కట్టాలని మా దగ్గర నియమం.

ప్రతి గుంపులో ఒక పెద్దాయన ఉంటాడు. మా దగ్గర ఆయన, హైదరాబాద్ సిటీ పోలీస్‌కూ భారత జట్టుకూ కోచ్‌గా చేసిన రహీం సాబ్ పేరుతోనే మొదలుపెడతాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలవడం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం, అన్నీ వినాలి. ఆయనను ఆపకండి. ఆపితే ఇంకా పొడుగవుతుంది. దానికి బదులు జకార్తా దగ్గర పట్టుకోండి. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించాడు, దక్షిణ కొరియాతో ఫైనల్‌లో అతను గోల్ కొట్టాడు, 2-1తో గెలిచాం. ‘అయితే ఉన్నవాళ్లలోంచి ఇప్పుడు ఎవరిని ఎక్కడికి మార్చాలంటారు?’ అని అడగండి. పెద్దాయన జ్ఞాపకాల్లోంచి వచ్చే ఆదివారం మ్యాచ్‌లోకి దిగివస్తాడు. మా బల్ల దగ్గర మంచి ఆలోచనలు చాలావరకు ఆయన నోటి నుంచి అలా వచ్చినవే.

దీని నుంచే మా ముఖ్య నియమం పుట్టింది. ఫలానావాడిని తీసేయాలి అన్నవాడు, బదులు ఎవరిని పెట్టాలో ఉన్న జట్టులోంచే పేరు చెప్పాలి. ఈ నియమానికి మొదట దొరికిపోయింది నేనే. ఒక రాత్రి కుడి వైపు ఆడిన కుర్రాడిని చెరిగిపోస్తుంటే మా బావమరిది అడ్డుపడ్డాడు.

“సరే బావగారూ, తీసేశాం. ఎవరిని పెట్టమంటారు?”

బెంచీ మీద కూర్చున్నవారిలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. అంతసేపూ మైదానానికి పది గజాల అవతల కూర్చున్న ఆ పిల్లలను నేను చూడనే లేదు. ఆ రాత్రి బస్సులో ఫోను తీసి మొత్తం జట్టు జాబితా చదివాను. ఇప్పుడు ప్రతి సీజను మొదట్లో చేసే పని అదే, మీరూ చేయండి.

2025లో మా జట్టు నగరం వదిలి ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఖాతా మూసేశారు కాబట్టి ఇక లెక్క లేదని నేనంటాను. జెర్సీ మారినా ఆడే పిల్లల్లో మనవాళ్లు ఉన్నారు కదా, వాళ్లు ఓడితే ఓటమి మన ఖాతాలో రాయాల్సిందేనని మా బావమరిది పట్టు. పెద్దాయన ఇంకా ఎటూ చెప్పలేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.