తోక తొక్కిన తరువాత: కుక్కకు, పిల్లికి అర్థమయ్యేలా క్షమాపణ చెప్పడం

వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేయగానే తోక కాలి కింద నలిగి కుక్క కుయ్యోమంటూ పరుగెత్తడం, తలుపు వేసేటప్పుడు పిల్లి పంజా సందులో ఇరుక్కోవడం జంతువులను పెంచుకునే ఇళ్ళలో అరుదైన సంగతులేమీ కావు. ఆ వెంటనే చాలామంది గాబరాగా దాని వెంటపడి, రెండు చేతులా ఎత్తుకుని, "సారీరా బుజ్జీ, చూసుకోలేదురా" అంటూ గట్టిగా హత్తుకుంటారు. ఉద్దేశం మంచిదే, కానీ నొప్పితో బెదిరి ఉన్న జంతువుకు వెంటపడి పట్టుకోవడం కూడా మరో దాడిలాగే తోచవచ్చు.

తప్పు ఒప్పుకోవడం, ఇకపై చేయనని మాట ఇవ్వడం అనే అర్థంలో క్షమాపణ కుక్కకు అందుతుందని చెప్పడానికి ఆధారాలు లేవు. అందేవి మన గొంతు, ఒంటి తీరు, ఆ తరువాత మనం చేసే పని. బుడాపెస్ట్‌లోని శాస్త్రవేత్తలు 2016లో కుక్కల మెదళ్ళను స్కానింగ్‌తో పరిశీలించినప్పుడు, మెచ్చుకునే మాట మెచ్చుకునే గొంతుతో కలిసి వచ్చినప్పుడు మాత్రమే సంతోషానికి సంబంధించిన భాగాలు బాగా స్పందించాయి. జర్మనీలో 51 కుక్కలతో చేసి 2021లో ప్రచురించిన ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గరిది. తినుబండారాన్ని ఇవ్వబోయి కావాలని వెనక్కి తీసుకున్న మనిషి దగ్గరికి వెళ్ళడానికి కుక్కలు ఎక్కువసేపు తటపటాయించగా, అది చేయి జారి పడిపోయిన సందర్భంలో త్వరగానే వెళ్ళాయి. పొరపాటుకూ కావాలని చేసినదానికీ తేడాను అవి ఎంతో కొంత పసిగడతాయన్నమాట. కాబట్టి తోక తొక్కినందుకు మీ మీద పగ పెట్టుకుంటుందేమోనని బెంగపడనక్కరలేదు.

అందుకే మొదట కాలు తీసి, ఒకటి రెండు అడుగులు దూరం జరగండి. దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, కళ్ళలోకి సూటిగా చూడకుండా, రోజూ పిలిచే గొంతుతోనే మెల్లగా పేరు పెట్టి పిలవండి. "సారీ" అన్నా "ఏం కాలేదులే" అన్నా దానికి ఒకటే. గొంతులో కంగారు లేకపోవడం ముఖ్యం. అది తనంతట తాను దగ్గరికి వచ్చినప్పుడు, తల మీదికి చేయి తేకుండా, మెడ కిందో ఛాతీ మీదో రెండు మూడు క్షణాలు నిమిరి ఆపండి. మళ్ళీ మీ చేతిని ముట్టెతో పొడిస్తే కొనసాగించవచ్చు, మూతి నాక్కుంటూ ముఖం పక్కకు తిప్పుకుంటే ఇంకా సమయం కావాలని అర్థం. ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టినా మంచిదే, చాక్లెట్, కిస్మిస్, ఉల్లిపాయ వేసిన కూర మాత్రం పెట్టకూడదు.

నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరవవచ్చు, కాబట్టి దెబ్బ తగిలిన చోటును వెంటనే నొక్కి చూడకండి. కుంటుతున్నా, తోక వేలాడేసినా, ఒకే చోటును అదేపనిగా నాక్కుంటున్నా పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయడం పిల్లికి ప్రాణాంతకం కావచ్చు. పంటి గాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకుండా, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పిల్లి విషయం వేరు. మంచం కింద దూరిన పిల్లిని కాలు పట్టి బయటికి లాగడం కంటే చెడ్డ క్షమాపణ ఉండదు. దాన్ని అక్కడే ఉండనిచ్చి, కాస్త దూరంలో కూర్చుని, చూపు కలిసినప్పుడు రెప్పలను నెమ్మదిగా మూసి తెరవండి. ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపారు.

కోపంతో అరిచినప్పుడో కొట్టినప్పుడో మాత్రం పని ఇంత తేలిక కాదు. చెప్పు కొరికిన కుక్క చెవులు వెనక్కి పెట్టి, తోక ముడుచుకుంటే "తప్పు తెలుసుకుంది" అంటాం. న్యూయార్క్‌లో కుక్కల ప్రవర్తనపై పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలను పరిశీలించి 2009లో తేల్చినదేమంటే, ఆ ముఖం తప్పు చేసినందుకు కాదు, తిట్టినందుకు వస్తుంది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది మరీ ఎక్కువగా కనిపించింది. అలాగే దెబ్బ తిన్న కుక్క వచ్చి చేతులు నాకినంత మాత్రాన క్షమించిందని పొంగిపోకూడదు. మీ కోపం చల్లారాలని అది పడే పాట్లలో అదీ ఒకటి కావచ్చు.

అలాంటప్పుడు ఒక్క రోజు లాలించడం కంటే, అన్నం, షికారు, ఆట రోజూ ఒకే వేళకు జరిగేలా చూడడమే మేలు. చీపురో చుట్టిన పేపరో ఎత్తి బెదిరించడం ఇంటిల్లిపాదీ మానేయాలి; నాన్న మానేసి తాతయ్య కొనసాగిస్తే ఫలితం ఉండదు. మీరు గదిలో ఉండగా నింపాదిగా తింటూ, మీవైపు వీపు పెట్టి పడుకుంటూ ఉంటే భయం తగ్గుతున్నట్టే. రెండు వారాలైనా చేయి కదిపితే బెదిరిపోతుంటే, లోపల నొప్పి ఏదైనా ఉందేమో ముందు పశువైద్యుడి చేత పరీక్ష చేయించండి.