బొద్దింక కాలు వినిపించే మాట – 4వ భాగం: మొదటి మెట్టులో పది రెట్లే

బొద్దింక కాలి నరాల్లో పుట్టే కరెంటు సంకేతాలను పెంచి స్పీకరులో వినడమే మన పని, పోయిన వారం పిన్నుల దాకా వచ్చాం. మంచునీళ్లలో ఉంచి కదలకుండా చేసిన బొద్దింక కాలికి రెండు సన్న పిన్నులు, ఒంటికి మూడోది, అది గ్రౌండు. (మా అమ్మ ఇప్పటికీ "ఇదేం సదువు రా" అంటూనే ఉంది.) ఇప్పుడు ఆ పిన్నులకు అందేదాన్ని పెంచాలి.

నరకణం లోపల ఒక్కో స్పైకు (నరం పంపే చిన్న కరెంటు కుదుపు) 100 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది, కానీ మన పిన్ను కణం బయట ఉంది కదా, దానికి దక్కేది మైక్రోవోల్టుల్లోనే. దాని మీద ఇంటి వైరింగు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత ఒకటి. మా అనంతపురంలో ఎండాకాలం కరెంటు పోతే అందరూ తిట్టుకునేవాళ్లు, నాకు మాత్రం అప్పుడే స్పైకులు టపటపమని శుభ్రంగా వినిపించేవి.

ఏడీ620 అనే యాంప్లిఫయరు ఐసీ (సిగ్నల్‌ను పెంచే చిప్పు) ఈ మోతను వదిలించడం కోసమే. రెండు పిన్నుల మీదా ఒకేలా వచ్చేదాన్ని వదిలేసి, వాటి మధ్య తేడాను మాత్రం పెంచుతుంది. ఎన్ని రెట్లో ఐసీ 1, 8 కాళ్ల మధ్య పెట్టే రెసిస్టరు చెబుతుంది: 49.4 కిలోఓములను దాంతో భాగించి ఒకటి కలపండి.

నేను ఆత్రం కొద్దీ 50 ఓములు పెట్టి ఒకేసారి వెయ్యి రెట్లకు పోయా. అవుట్‌పుట్ బ్యాటరీ వోల్టేజి దగ్గర అతుక్కుపోయింది, ఐసీ కాలిపోయిందని రెండు రోజులు టెన్షన్. అసలు సంగతేంటంటే, తడి ఒంటికి తగిలిన లోహం తానే ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. రెండు పిన్నుల మధ్య ఆ తేడా 20 మిల్లీవోల్టులే అనుకున్నా, వెయ్యి రెట్లంటే 20 వోల్టులు. మన 9 వోల్టుల బ్యాటరీలు ఎక్కడి నుంచి తెచ్చిస్తాయి?

అందుకని 5.6 కిలోఓములు పెట్టండి, సుమారు 9.8 రెట్లు. ఐసీ 6వ కాలి (అవుట్‌పుట్) నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, దాని అవతలి నుంచి గ్రౌండుకు మరో 5.6 కిలోఓములు. 284 హెర్ట్జ్ దిగువన ఉండేవి ఇక్కడ తగ్గుతూ పోతాయి, పిన్నుల బ్యాటరీ తేడా అయితే అసలు దాటదు. ఆ తర్వాతే టీఎల్072 అనే మరో యాంప్లిఫయరు ఐసీతో 101 రెట్లు (100 కిలోఓములు, 1 కిలోఓము రెసిస్టర్లు). 100 మైక్రోవోల్టుల స్పైకు ఇప్పుడు దాదాపు 0.1 వోల్టు.

ఏడీ620 5వ కాలు గ్రౌండుకు కలపడం మరవొద్దు. అడాప్టరు జోలికి పోవద్దు, రెండు 9 వోల్టుల బ్యాటరీలే వాడండి.

బొద్దింకను పట్టే ముందు గ్లాసుడు ఉప్పునీళ్లలో మూడు పిన్నులూ ముంచి వినండి. బ్యాటరీ స్పీకరులో ఇసుక జారినట్టు సన్నగా రావాలి. గుయ్యిమంటే ముందు గ్రౌండు పిన్ను వైరు చూడండి, అదీ బాగుంటే మొత్తాన్ని రేకు బిస్కట్ డబ్బాలో పెట్టి డబ్బాను గ్రౌండుకు కలపండి.