మేడారం బయల్దేరే ముందు కారు ఫ్యూజులు చూసుకోండి

సమ్మక్క-సారలమ్మ జాతరకు కార్లో పోతున్నారా? పస్రా ఊరు దాటాక అడవి దారిలో రాత్రిపూట హెడ్‌లైట్లు ఆరితే ప్రాణం మీదికొస్తది.

– పోయిన ఫ్యూజు చోట పెద్దది వేయకండి, రాగి తీగ అసలే చుట్టకండి. 10 ఆంపియర్ల ఎర్రదాని బదులు 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడితే ఫ్యూజు నిలుస్తది, వైరు కాలుతది. బండికి నిప్పంటుకునేది ఇట్లనే.

– కొత్తది వేయంగనే పోయిందా? ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. ఇంజన్ దగ్గర ఎలుకలు కొరికిన వైర్లు, డోరు మడతలో అరిగినవి చూపించండి. ఇంకో ఫ్యూజు మార్చి లాభం లేదు.

– బయట వేయించిన ఫాగ్ లైట్లు, హారన్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు), విడి ఫ్యూజు ఉండాలె. హెడ్‌లైట్ వైరుకే కలిపితే ఆ వైరు అంత లోడ్ మోయలేదు.

– సిగరెట్ సాకెట్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజుంటే 12 వోల్టుల బ్యాటరీ మీద 180 వాట్లే. గాలి పంపు, ఇన్వర్టర్ ఒకేసారి వద్దు.

– 10, 15, 20 ఆంపియర్లవి రెండేసి, పీకే క్లిప్పు డాష్‌బోర్డులో పెట్టుకోండి.