స్పెయిన్ వైట్ వైన్‌ల రుచి తెలుసుకోవాలంటే ఏ ద్రాక్షతో మొదలుపెట్టాలి?

స్పెయిన్ వైన్ అనగానే చాలామందికి ఉత్తరాన ఉన్న రియోహా ప్రాంతపు రెడ్ వైనే గుర్తొస్తుంది. నన్నడిగితే ఆ దేశపు వైట్ వైన్‌లలో ఉన్నన్ని రకాల రుచులు రెడ్‌లలో లేవు. వాయవ్యాన ఎప్పుడూ వాన పడే అట్లాంటిక్ తీరం, మధ్యలో ఎత్తైన పీఠభూమి, దక్షిణాన మండే ఎండ. ఒక్కో చోట ఒక్కో ద్రాక్ష. కాబట్టి బ్రాండు పేరు చూసి కాకుండా ద్రాక్ష పేరు, ఊరి పేరు చూసి కొనండి. ఓక్ చెక్క పీపా ముట్టని లేత వైన్‌లు ముందు తాగితే ద్రాక్ష అసలు రుచి తెలుస్తుంది. ఆ తర్వాతే పీపాల్లో పెరిగినవి.

1. మొదటి సీసా అల్బరీన్యో

ఇది వాయవ్య మూల గలీసియాలోని రియాస్ బైషాస్ ప్రాంతపు ద్రాక్ష. అక్కడ తేమ ఎక్కువ. అందుకే చాలా తోటల్లో గ్రానైట్ రాతి స్తంభాలు పాతి, తీగలను పందిళ్ళకు ఎక్కిస్తారు. కింద గాలి ఆడుతుంది, గుత్తులకు బూజు తెగులు తగ్గుతుంది. కోతల్లో మనుషులు పందిరి కింద నిలబడి, చేతులు పైకెత్తి గుత్తులు కోస్తారు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకు ఆ పందిళ్ళు వెంటనే గుర్తొస్తాయి.

సీసాను రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి పది నిమిషాల ముందు తీయండి. 8 నుంచి 10 డిగ్రీలు సరిపోతుంది. ఇంకా చల్లగా ఉంటే వాసన బయటికి రాదు. గ్లాసులో మూడోవంతు మాత్రమే పోయండి. ముందు ఊరికే వాసన చూడండి, తర్వాత గ్లాసు తిప్పి మళ్ళీ చూడండి. పీచ్ పండు, నిమ్మ తొక్క తగులుతాయి. గుటక వేశాక నోట్లో నీళ్ళూరాలి, నాలుక మీద కొంచెం ఉప్పదనం మిగలాలి. గలీసియా వాళ్ళు దీన్ని రొయ్యలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌తో తాగుతారు. కారం మరీ ఎక్కువ లేని మన చేపల వేపుడుకీ బాగుంటుంది.

2. పక్కనే వెర్దేహో

వీలుంటే ఈ రెండూ ఒకే రోజు పక్కపక్కన పెట్టుకోండి. వెర్దేహో పండే రుయేదా తోటలు మధ్య పీఠభూమిలో దువేరో నది దగ్గర, సముద్ర మట్టానికి 700 మీటర్లకు పైన ఉంటాయి. వేసవిలో పగలు మాడిపోయినా రాత్రి బాగా చల్లబడుతుంది. అందువల్లే పులుపు నిలుస్తుంది. వెర్దేహో రసం గాలి తగిలితే త్వరగా రంగు మారి వాసన పోతుంది కాబట్టి అక్కడ చాలామంది రాత్రిపూటే కోస్తారు. రియోహాకు చెందిన మార్కేస్ దె రిస్కాల్ సంస్థ 1970లలో వైట్ వైన్ కోసం ఇక్కడికి రావడం ఈ ద్రాక్ష దశ తిప్పింది.

సోంపు, పచ్చగడ్డి వాసన, చివర్లో చిరుచేదు దీని గుర్తులు. ఆ చేదును లోపం అనుకోకండి. లేబుల్ మీద వెర్దేహో అని ఉంటే కనీసం 85 శాతం ఆ ద్రాక్షే. ఉత్త రుయేదా అని ఉంటే వేరే రకాలు ఎక్కువ కలిసి ఉండొచ్చు. అల్బరీన్యో, వెర్దేహో రెండు రకాల వైన్‌లలో లేతవి కొనేటప్పుడు వీలైనంత కొత్త సంవత్సరానివి తీసుకోండి.

3. గొదెయ్యో

ఇదీ గలీసియాదే, అక్కడి వల్దెఓర్రాస్ ప్రాంతపు పలకరాయి నేలల్లో పండుతుంది. 1970ల నాటికి దాదాపు కనుమరుగైన ఈ రకాన్ని పట్టుబట్టి నిలబెట్టారు. వాసన తక్కువ, నోట్లో నిండుదనం ఎక్కువ. లేబుల్ మీద ‘సోబ్రె లియాస్’ అని ఉంటే, పులిసాక అడుగున మిగిలిన ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ను కొంతకాలం ఉంచారని అర్థం. ఆ నిండుదనం ఇంకా పెరుగుతుంది.

4. ఇప్పుడు ఓక్ పీపా

రియోహా వైట్‌లలో ముఖ్యమైన ద్రాక్ష వియూరా. దీన్నే ఈశాన్యాన కతలూన్యాలో మకబేయో అంటారు, షరెల్లో, పరెయ్యాదా ద్రాక్షలతో కలిపి నురగల కావా చేస్తారు. వియూరా లేతగా ఉన్నప్పుడు సాదాసీదాగానే ఉంటుంది. పీపాలో ఏళ్ళు గడిపితే తేనె, మైనం, వేయించిన గింజల వాసనలు వస్తాయి. వైట్ వైన్ లేబుల్ మీద ‘రెసెర్వా’ ఉంటే కనీసం రెండేళ్ళు, ‘గ్రాన్ రెసెర్వా’ ఉంటే నాలుగేళ్ళు ఉంచాకే అమ్మాలి. అందులో కనీసం ఆరు నెలలు పీపాలో. వీటిని 12 డిగ్రీల దగ్గర తాగండి.

రియోహాలోనే 1988లో ఎర్ర తెంప్రనీయో తీగకు ఒకే ఒక్క కొమ్మకు తెల్ల గుత్తులు కాశాయి. ఆ కొమ్మను పెంచగా వచ్చిందే తెంప్రనీయో బ్లాంకో. దొరికితే వదలకండి.

5. చివరగా ఫీనో

ఫీనో ఒక రకం షెర్రీ వైన్. దక్షిణాన హెరెస్ ఊరి చుట్టూ సుద్ద నేలల్లో పండే పలొమీనో ద్రాక్షకు సొంత రుచి చాలా తక్కువ. దాని వైన్‌కు ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆల్కహాల్‌ను 15 శాతం దగ్గరికి తెస్తారు. పీపాను నింపకుండా ఆరోవంతు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో వైన్ మీద తెల్లటి ఈస్ట్ పొర కడుతుంది. దాన్ని ఫ్లోర్ అంటారు. అది గాలి తగలనివ్వదు, వైన్‌లోని గ్లిజరాల్‌ను తినేస్తుంది. అందుకే ఫీనో ఏమాత్రం తీపి లేకుండా, పులిసిన రొట్టెపిండి, బాదం వాసనలతో ఉంటుంది. సముద్రం ఒడ్డున సాన్‌లూకర్‌లో పెరిగితే ఇదే వైన్‌ను మన్సనీయా అంటారు.

మొదటి గుటక చాలామందికి నచ్చదు. వట్టిగా తాగకండి. ఉప్పు వేసి వేయించిన బాదం పప్పులు, ఆలివ్‌లు పక్కన పెట్టుకుని, బాగా చల్లగా, చిన్న గ్లాసులో తీసుకోండి. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలోపు ముగించండి. దాచుకుంటే చప్పబడిపోతుంది.