జుట్టు రంగుల ప్రయోగాలు, 3వ పాఠం: నల్ల వెంట్రుక రాగి రంగుకు తిరిగే దారి

పోయిన పాఠంలో మైదాకు పట్టించిన తెల్లజుట్టు కట్టలు పక్కన పెట్టండి. మైదాకు పెట్టకుండా మిగిల్చిన తెల్లకట్టలు మాత్రం ఇవాళ కావాలి.

మైదాకుతో లేని రంగు తెచ్చాం. ఇప్పుడు ఉన్న రంగు తీయాలి. వెంట్రుక పైన ఇంటి పెంకుల్లా పొలుసులు పరిచి ఉంటాయి. నలుపు ఆ పెంకుల్లో ఉండదు, వాటి కింది పొరలో మెలనిన్ రేణువులుగా ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికి దూరి మెలనిన్‌ను ఆక్సీకరించి రంగు పోగొడుతుంది. క్షారం తోడైతే పొలుసులు విచ్చుకుంటాయి, పెరాక్సైడ్‌కూ ఊపు వస్తుంది. సెలూన్లో అమ్మోనియా కలిపేది అందుకే. మనకు వంటసోడా చాలు, ఘాటు ఉండదు.

జుట్టు కోసం కటింగ్ షాపుకు పోయి "అన్నా, కలర్ వేయని జుట్టు గుప్పెడు ఇస్తవా" అని అడగండి. నవ్వుతారు, ఇస్తారు. షాంపూతో కడిగి ఆరబెట్టి, అగరుబత్తి మందాన కట్టలు కట్టి తెల్లదారం చుట్టండి. తర్వాత కట్టను ఎన్నో నంబరు కప్పులో వేస్తామో, దాని దారానికి అన్ని ముడులు వేయండి. పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది.

మెడికల్ షాపులో పెరాక్సైడ్ అడిగితే '20 వాల్యూమ్స్' అని రాసిన సీసా ఇస్తారు. అందులోని ఒక మిల్లీలీటరు పూర్తిగా విడిపోతే దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. శాతంలో చెప్తే సుమారు 6. సైన్స్ ఫెయిర్ జడ్జీలు ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది. సీసా పాతదేమోనని అనుమానమా? చెంచాడు పోసి పచ్చి ఆలుగడ్డ ముక్క వేయండి, బుసబుస పొంగితే పనికొస్తుంది.

నీళ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మా ఉప్పల్ వైపు బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు. నీళ్లలో ఇనుములాంటివి ఉంటే పెరాక్సైడ్ జుట్టును చేరకముందే విడిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి కొనండి.

ఆరు ప్లాస్టిక్ కప్పులు, ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు. మొదటిది ఒట్టి నీళ్లు. రెండోది నీళ్లు, అర చెంచా వంటసోడా. మూడోది పెరాక్సైడ్, నీళ్లు చెరిసగం, అంటే 3 శాతం. నాలుగోది 6 శాతం. అయిదోది 6 శాతంలో అర చెంచా సోడా. ఆరోది అచ్చం అయిదో కప్పే, కానీ అందులో తెల్లకట్టలు. తెల్లజుట్టులో మెలనిన్ దాదాపు ఉండదు కాబట్టి అందులో చెప్పుకోదగ్గ మార్పు రాకూడదు. అయిదో కప్పులో రంగు మారి ఆరోదాంట్లో మారకపోతే, పెరాక్సైడ్ పని చేసింది మెలనిన్ మీదే అనడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. రెండో కప్పు దండగని మా మేనకోడలు ఎత్తేసింది. "రంగు తీసింది సోడా కాదని ఎలా చెప్తావమ్మా?" అని జడ్జి అడిగితే నోరు పెగల్లేదు.

కప్పుకు నాలుగేసి కట్టలు వేయండి. అరగంటకు, గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు ఒక్కొక్కటి తీసి కడగాలి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు, పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి. మూత బిగిస్తే గ్యాస్ నిండి ఎగిరిపడుతుంది. వెనిగర్, బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు. ఎవరి తల మీదా ప్రయత్నించొద్దు, తమ్ముడు ఎంత బతిమాలినా సరే.

తడి జుట్టు ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. పూర్తిగా ఆరాకే తెల్లచార్టుకు అంటించి, కిటికీ దగ్గర, ఒకే వేళలో ఫొటోలు తీయండి. ఏ కట్ట ఏ కప్పుదో తెలియని మనిషిని పిలిచి ముదురు నుంచి లేతకు వరుస పెట్టమనండి. మీ కళ్లు మీకు కావాల్సిందే చూస్తాయి.

మార్పు వస్తే మొదట ముదురు గోధుమ, తర్వాత ఎరుపు తిరిగిన రాగి. బంగారు రంగు రాలేదని దిగులొద్దు. నలుపునిచ్చే యూమెలనిన్ ముందు చెదురుతుంది. ఎరుపు, పసుపు ఛాయల ఫియోమెలనిన్ మొండిది, అంత తేలిగ్గా పోదు. మన నల్లజుట్టు పసుపుకు చేరాలంటే దారిలో రాగి తగలాల్సిందే.

ఆరిన కట్టలను కాగితం కవర్లలో దాచండి. వచ్చే పాఠంలో వాటి వెంట్రుకలు ఒక్కొక్కటీ తెగేదాకా రూపాయి బిళ్లలు వేలాడదీస్తాం. పాత బిళ్లకు, కొత్త బిళ్లకు బరువు తేడా ఉంటుంది. ఒకే ఏడాది ముద్ర ఉన్నవి ఇప్పటి నుంచే పోగేయండి.